గుయ్‌... మనని కరెంటు!

ఫ్యాను ఆపేశారు. కిటికీలు మూసేశారు. కుక్కర్‌ కూతలు అయ్యేదాకా ఆగారు. ఇక పాట రికార్డు చేయడమే తరువాయి. తీరా హెడ్‌ఫోన్స్‌ పెట్టుకుంటే... ఎక్కడో తుమ్మెద ఇరుక్కున్నట్టు సన్నగా గుయ్‌మని మోత! మైకు మార్చినా పోదు. వైరు మార్చినా పోదు. గొంతు ఎంత బాగున్నా పాట కింద అది అలా మోగుతూనే ఉంటుంది.

ఇంట్లో ఓ గదికి దుప్పట్లు కట్టి స్టూడియో చేసుకునేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. భజనలు, జానపదాలు, పిల్లల పాఠాలు, పెళ్లి వీడియోలకు వ్యాఖ్యానాలు... అన్నీ అక్కడే. వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే తుమ్మెదే ఇది. పాపం, ముందు మైకును తిట్టుకుంటారు. తర్వాత కంప్యూటర్‌ను. అసలు దొంగ చాలాసార్లు బల్లకింద దుమ్ము కొట్టుకుని ఉంటాడు. అదే పవర్‌ సప్లై. గోడలోంచి వచ్చే కరెంటును యంత్రానికి సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా.

దాన్ని సొంతంగా తయారుచేసుకోవచ్చా? నిక్షేపంగా. టేప్‌రికార్డర్ల కాలంలో ‘ఎలిమినేటర్‌’ అని పిలిచింది దీని చిన్న తమ్ముణ్నే. బ్యాటరీల ఖర్చు తప్పించేది కాబట్టి దానికా పేరు. 1969లో మొదలైన ‘ఎలక్ట్రానిక్స్‌ ఫర్‌ యూ’లాంటి పత్రికలు చూసి ఎలిమినేటర్లు తయారుచేసిన కుర్రాళ్లు ఇప్పుడు తాతయ్యలు. స్టూడియో సామాన్లకు కావలసిందీ అదే సూత్రం. కాకపోతే రెండు షరతులు. మోత ఉండకూడదు. ప్రాణం మీదికి రాకూడదు. మొదటిదాని కోసం రెండోదాన్ని బలిపెట్టేవాళ్లు ఉన్నారు. అసలు చిక్కంతా అక్కడే.

తుమ్మెద శ్రుతి ఎంత?

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పాట రికార్డు చేసే యంత్రాలకు ఈ ఊగిసలాట పనికిరాదు. నిలకడగా ఒకేవైపు ప్రవహించే డీసీ కావాలి. అందుకే ముందు ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజీని తగ్గిస్తారు. తర్వాత నాలుగు డయోడ్లను వంతెనలా కట్టి కరెంటును ఒకే దిశకు మళ్లిస్తారు. కిందికి పోయే సగాన్ని కూడా ఈ వంతెన పైకి తిప్పేస్తుంది. దాంతో 50 కాస్తా 100 అవుతుంది. సెకనుకు వంద అలలన్నమాట. ఆ అలల మధ్య పల్లాలను నింపేది కెపాసిటర్‌. పాత మెకానిక్‌ల భాషలో కండెన్సర్‌. నీళ్లు రోజుకు రెండుసార్లే వచ్చినా ట్యాంకు ఉంటే కుళాయి ఆగదు కదా, అలాగ.

ఎంత నింపినా కాస్త అల మిగులుతుంది. అదే పాట కింద గుయ్‌మనేది. సంగీతం వచ్చినవాళ్లకు దీని శ్రుతి తేలిగ్గానే దొరుకుతుంది. మంద్రంలో ఐదు శ్రుతి 98 హెర్ట్జ్‌. ఐదున్నర దాదాపు 104. మన తుమ్మెద ఈ రెంటి మధ్య, 100 దగ్గర కూర్చుంటుంది. అంటే ఏ తంబురాతోనూ కలవదు! అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది కాబట్టి అక్కడి తుమ్మెద 120 దగ్గర, ఇంకాస్త హెచ్చు శ్రుతిలో పాడుతుంది. అదీ అపశ్రుతే.

ఇంత చిన్న అల అంత పెద్దగా ఎందుకు వినిపిస్తుంది? మైకులోంచి వచ్చే సంకేతం మామూలు మాటకు ఒకటి రెండు మిల్లీవోల్టులకు మించదు. వోల్టులో వెయ్యో వంతు. ప్రీఆంప్లిఫయర్‌ దాన్ని వెయ్యి రెట్లు పెంచితేగానీ రికార్డు చేయడానికి పనికిరాదు. పాటతోపాటు అక్కడ దూరిన చెత్తా వెయ్యి రెట్లు పెరుగుతుంది. టీవీకో, ఫోను ఛార్జర్‌కో పట్టింపులేని అల ఇక్కడ కొంప ముంచేది అందుకే.

ఇన్ని తెలిశాక ‘రెడీమేడ్‌ది కొనుక్కుంటే పోలేదా’ అనిపిస్తుంది. నిజమే, చాలామందికి అదే మేలు. తయారుచేసుకోవలసిన అవసరం కొన్నిచోట్ల మాత్రమే వస్తుంది. అమెరికా నుంచి బావగారు అభిమానంగా తెచ్చిన మిక్సర్‌ ఉంటుంది. దానితో వచ్చిన అడాప్టర్‌ 120 వోల్టులది. మన గోడకు పెడితే నిమిషాల్లో మాడి ఊరుకుంటుంది. పాత మిక్సర్‌లో అన్నీ బాగుండి పవర్‌ సప్లై ఒక్కటే పోతుంది. తయారుచేసిన కంపెనీయే ఉండదు. ఇంకొందరు ప్రీఆంప్‌ను కిట్‌గా తెప్పించి సొంతంగా అమర్చుకుంటారు. కిట్లో అన్నీ ఉంటాయి, ఇది తప్ప!

ముందుగా చూసుకోవాల్సింది యంత్రానికి ఏం కావాలన్నది. అన్నీ ఒకటే తాగవు. 1970లో వచ్చిన ‘నీవ్‌ 1073’ అనే ప్రసిద్ధ ప్రీఆంప్‌కు 24 వోల్టులు కావాలి. ‘500 సిరీస్‌’ అనే పలకల్లాంటి యంత్రాలకు ప్లస్‌ 16, మైనస్‌ 16. మామూలు ప్రీఆంప్‌ కిట్లలో ఎక్కువగా కనిపించేది ప్లస్‌ 15, మైనస్‌ 15. కొన్ని చిన్న మిక్సర్ల అడాప్టర్లు డీసీ కాదు, ఏసీనే ఇస్తాయి. వాటికి డీసీ పెడితే పని చేయవు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉండేదాన్ని భూతద్దం పెట్టయినా చదవాల్సిందే.

నార్వే చీకట్లోంచి 48

పైన చెప్పినవాటితోపాటు స్టూడియోలో ఇంకో అంకె తరచూ వినిపిస్తుంది. 48 వోల్టుల ఫాంటమ్‌ పవర్‌. ఫాంటమ్‌ అంటే దెయ్యం. కండెన్సర్‌ మైకులకు సొంతంగా కరెంటు కావాలి. దానికోసం వేరే వైరు లేకుండా, పాట వెళ్లే తీగల్లోనే కరెంటును కనిపించకుండా పంపిస్తారు కాబట్టి దెయ్యం అన్నారు.

మరి యాభై కాదు, నలభై కాదు, 48 ఎందుకు? దాని వెనక భలే కథ ఉంది. 1966లో జర్మనీలోని నాయ్‌మన్‌ కంపెనీ నార్వే ప్రభుత్వ రేడియో సంస్థకు ట్రాన్సిస్టర్‌ మైకులు చూపించింది. వాటికి కరెంటు మైకు తీగలోంచే అందాలని ఆ రేడియో సంస్థ అడిగింది. నార్వేలో చలికాలం పగలు చాలా తక్కువ. అందుకని ఆ రేడియో వాళ్లు స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం అప్పటికే 48 వోల్టుల ఏర్పాటు చేసి పెట్టుకున్నారు. ఉన్నదాన్నే వాడుకుందామన్నారు. అలా ‘కేఎం 84’ అనే మైకు పుట్టింది. చీకట్లో దీపాల కోసం పెట్టిన అంకె ప్రపంచమంతటా మైకులకు ప్రమాణమైపోయింది. ఇప్పుడు మన గాయకుల ముందుండే కండెన్సర్‌ మైకు కూడా ఆ దీపాల లెక్కనే నడుస్తోంది!

అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇది 44 నుంచి 52 వోల్టుల మధ్య ఉండొచ్చు. ఒక్కో మైకు 10 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదు. కరెంటును 6.8 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండింటి ద్వారా రెండు తీగలకూ సమానంగా పంపాలి. ఆ ‘సమానంగా’ అన్నమాటే కీలకం. రెండు తీగల్లోనూ ఒకేలా వచ్చిన మోతను ప్రీఆంప్‌ కొట్టేస్తుంది. రెసిస్టర్లలో తేడా ఉంటే ఆ తేడా మేరకు తుమ్మెద లోపలికి దూరుతుంది. ఒక గుప్పెడు రెసిస్టర్లు కొని మీటర్‌తో కొలిచి, జతకుదిరినవాటిని ఏరుకోవడం ఖర్చులేని పని. ప్రమాణం అడిగేది ఆ రెంటి మధ్య తేడా 0.4 శాతం లోపు ఉండాలని.

లో వోల్టేజీ లెక్క

కెపాసిటర్‌ తర్వాత వచ్చేది రెగ్యులేటర్‌. అల ఎంత ఉన్నా, ఇన్‌పుట్‌ ఎంత ఊగినా, అవుట్‌పుట్‌ గీత గీసినట్టు ఉంచేది ఇదే. వీటిలో బాగా పేరున్నది ఎల్‌ఎం 317. బాబ్‌ డాబ్‌కిన్‌ అనే అమెరికా ఇంజినీరు నేషనల్‌ సెమీకండక్టర్‌ కంపెనీలో ఉండగా 1976లో రూపొందించాడు. మూడు కాళ్ల ముక్క. ఇప్పటికీ తయారవుతోంది. హైదరాబాద్‌ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఎల్‌ఎం 317 అడిగితే మారుమాట లేకుండా తీసి ఇస్తారు. మైనస్‌ వైపు దాని జంట ఎల్‌ఎం 337.

రెండు రెసిస్టర్లతో దానికి ఎంత కావాలో చెప్పొచ్చు. 220 ఓమ్‌లు, 2.4 కిలోఓమ్‌లు పెడితే దాదాపు సరిగ్గా 15 వోల్టులు వస్తాయి. అడ్జస్ట్‌ అనే కాలు దగ్గర 10 మైక్రోఫారడ్‌ల చిన్న కెపాసిటర్‌ ఒకటి కలిపితే అలను అణిచే శక్తి 65 డెసిబెల్స్‌ నుంచి 80 డెసిబెల్స్‌కు పెరుగుతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఒక వోల్టు అల పదివేల వంతుకు కుంచించుకుపోతుంది. ఐసీ ఖరీదులో పదో వంతు కూడా ఉండని ముక్కతో ఇంత లాభం. అయినా చాలా సర్క్యూట్లలో దీన్ని వదిలేస్తుంటారు, ఎందుకో మరి!

విదేశీ సర్క్యూట్‌ను ఉన్నదున్నట్టు దించేసేవాళ్లు మనదగ్గర బోల్తాపడేది ట్రాన్స్‌ఫార్మర్‌ దగ్గర. 15 వోల్టుల డీసీకి 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్‌ అని రాసి ఉంటుంది. లెక్క చూద్దాం. ఏసీలో 15 అంటే దాని శిఖరం 21 వోల్టులు (1.414తో గుణించాలి). డయోడ్లకు ముప్పాతిక వోల్టు పోతుంది. కెపాసిటర్‌ దగ్గర 20 పైచిలుకు మిగులుతుంది. 2200 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌తో 200 మిల్లీఆంపియర్లు తీసుకుంటే అల ఓ వోల్టు దాకా ఉంటుంది. రెగ్యులేటర్‌ తన పని చేసుకోవాలంటే 15కి పైన ఇంకో రెండు వోల్టులు ఉండాలి. అంటే 17. ఉన్నవి 19. ఫర్వాలేదు కదా?

గోడలో 230 ఉన్నంతసేపూ ఫర్వాలేదు. వేసవి సాయంత్రం ఊళ్లో మోటార్లూ కూలర్లూ అన్నీ తిరుగుతున్నప్పుడు అది 180కి పడిందనుకోండి. ఆ 20 కాస్తా 16 అవుతుంది. అల తీసేస్తే 15. రెగ్యులేటర్‌ చేతులెత్తేస్తుంది. అల నేరుగా పాటలోకి నడిచొస్తుంది. పొద్దున శుభ్రంగా ఉన్న రికార్డింగు సాయంత్రానికి గుయ్‌మంటోందంటే కారణం చాలాసార్లు ఇదే. 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్‌ పెడితే గోడలో 180 ఉన్నప్పుడు కూడా కెపాసిటర్‌ దగ్గర 19 ఉంటుంది. అల పోను 18. కావలసింది 17. బతికిపోయాం.

దీనికి మూల్యం వేడి. కరెంటు బాగున్నరోజున రెగ్యులేటర్‌ పది వోల్టులు మింగాలి. 200 మిల్లీఆంపియర్ల దగ్గర రెండు వాట్లు. వేలు పెడితే కాలేంత వేడి అది. ఒక్కోదానికి హీట్‌సింక్‌ తప్పనిసరి. కెపాసిటర్లు కూడా 50 వోల్టులవి తీసుకోవాలి. లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌ రాసినదానికంటే ఎక్కువ ఇస్తుంది. 25 వోల్టులవి పెడితే పేలిపోతాయి, టపాకాయలా.

ఇన్వర్టర్‌ ఇళ్లలో ఇంకో తమాషా. కరెంటు పోయి చౌకరకం ఇన్వర్టర్‌ అందుకోగానే ఫ్యాన్లు గుయ్‌మంటాయి, గమనించే ఉంటారు. అది ఇచ్చేది నున్నటి అల కాదు, మెట్లలా చదరంగా ఉండే అల. అసలు కరెంటు శిఖరం 325 వోల్టులు. చదరపు అల అంత ఎత్తుకు వెళ్లదు. మీటర్లో 220 చూపించినా కెపాసిటర్‌ నిండదు. రెగ్యులేటర్‌కు మళ్లీ లో వోల్టేజీయే. రికార్డింగు చేసుకునే ఇంట్లో సైన్‌వేవ్‌ ఇన్వర్టర్‌ ఉండాలి. లేదంటే కరెంటు వచ్చేదాకా టీ తాగడం ఉత్తమం.

48 వోల్టుల కోసం ట్రాన్స్‌ఫార్మర్‌ మీద విడిగా 50 వోల్టుల చుట్టు ఉండాలి. ఆర్డరిస్తే చుట్టి ఇచ్చే షాపులు ఇంకా ఉన్నాయి. మొత్తం 30 వీఏ చెబితే రెండు మైకుల ప్రీఆంప్‌కు సరిపోతుంది. ఇక్కడ మామూలు 317 పనికిరాదు. దాని ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య 40 వోల్టులకు మించి తేడా ఉండకూడదు. స్విచ్‌ వేసిన క్షణంలో అవుట్‌పుట్‌ సున్నా, ఇన్‌పుట్‌ 70. తొలి క్షణంలోనే దాని పని అయిపోతుంది! 125 వోల్టుల దాకా తట్టుకునే టీఎల్‌ 783 వాడాలి. కెపాసిటర్‌ 100 వోల్టులది. దానికి అడ్డంగా 10 కిలోఓమ్‌లు, ఒక వాటు రెసిస్టర్‌ కట్టాలి. స్విచ్‌ తీసేశాక కూడా కెపాసిటర్‌ 70 వోల్టులు కడుపులో దాచుకుని ఉంటుంది. ముట్టుకున్నవాళ్లను ఒక్క పీకు పీకుతుంది. ఈ రెసిస్టర్‌ ఉంటే అర నిమిషంలో ఖాళీ అవుతుంది.

ఆ మూడో పిన్ను జోలికెళ్లొద్దు!

ఇంతా చేశాక కూడా మోత పోకపోతే? అప్పుడు ఎవరో ఒకరు చెప్పే ‘చిట్కా’ ఉంటుంది. ప్లగ్గులో పైన ఉండే లావుపాటి పిన్ను తీసేయమని. లేదా ఎర్త్‌ వైరు కత్తిరించమని. చిత్రమేంటంటే, నిజంగానే మోత ఆగిపోతుంది. అందుకే ఈ చిట్కా చావడంలేదు.

ఎందుకు ఆగుతుంది? కంప్యూటర్‌కు ఒక ఎర్త్‌, ప్రీఆంప్‌కు ఒక ఎర్త్‌. రెంటినీ కలుపుతూ ఆడియో వైరు. ఈ మూడూ కలిసి ఒక పెద్ద ఉచ్చు తయారవుతుంది. అందులో గోడల్లోని కరెంటు ప్రభావంతో సన్నటి ప్రవాహం తిరుగుతుంటుంది. దాన్నే ఎర్త్‌ లూప్‌ అంటారు. ల్యాప్‌టాప్‌ ఛార్జర్‌ పీకేసి బ్యాటరీ మీద నడపగానే మోత ఆగిందంటే సాధారణంగా ఇదే కారణం. ఒక ఎర్త్‌ను తెంపితే ఉచ్చు తెగుతుంది. మోత పోతుంది. దాంతోపాటు ఆ డబ్బాకున్న రక్షణా పోతుంది.

ఎర్త్‌ పని ఒక్కటే. లోపల ఎప్పుడైనా ఫేజు తీగ ఊడి ఇనప డబ్బాను తాకితే కరెంటంతా భూమిలోకి పోయి ఫ్యూజు కాలిపోవాలి. ఎర్త్‌ లేకపోతే ఫ్యూజు కాలదు. డబ్బా మొత్తం 230 వోల్టులతో నిశ్శబ్దంగా కూర్చుంటుంది. డబ్బా నుంచి మైకు వైరు తొడుగుకు, అక్కడినుంచి మైకు ఒంటికి. పాడేవాళ్లు పెదాలు ఆనించేది దానికే.

1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో ‘స్టోన్‌ ద క్రోస్‌’ బృందం గిటారిస్టు లెస్‌ హార్వీ వేదిక మీద ఎర్త్‌ సరిగా లేని మైకును ముట్టుకుని అక్కడికక్కడే కుప్పకూలి చనిపోయాడు. 1976లో ‘యార్డ్‌బర్డ్స్‌’ బృందం గాయకుడు కీత్‌ రెల్ఫ్‌ సొంత ఇంట్లో ఎలక్ట్రిక్‌ గిటార్‌ వాయించుకుంటూ షాక్‌తో పోయాడు. అక్కడా ఎర్త్‌ లోపమే. ఇద్దరూ పేరున్న కళాకారులు కాబట్టి లోకానికి తెలిసింది. వినాయక చవితి పందిరిలో మైకు పట్టుకుని షాక్‌ కొట్టించుకున్నవాళ్ల కథలు ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

మోత పోగొట్టడానికి ఎర్త్‌ తెంపాల్సిన పనేలేదు. గదిలోని సామాన్లన్నీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా చూస్తే ఉచ్చు చాలావరకు చిన్నదైపోతుంది. బ్యాలెన్స్‌డ్‌ వైర్లు వాడితే ఇంకొంత తగ్గుతుంది. అప్పటికీ వినకపోతే ఆడియో వైరు మధ్యలో చిన్న ఐసొలేషన్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ పెట్టొచ్చు. తెంపాల్సింది పాట వెళ్లే దారిలోని ఉచ్చును, ప్రాణం కాపాడే దారిని కాదు.

సొంతంగా చేసే డబ్బాలో ఎర్త్‌ వైరుకు మొదటి మర్యాద. పెయింటు గీకేసి, దానికోసమే ప్రత్యేకంగా ఒక బోల్టు, నట్టు, స్టార్‌ వాషర్‌ పెట్టి బిగించాలి. వేరే పనికి ఆ బోల్టు వాడకూడదు. లోపలి వైర్లలో అదే అన్నింటికంటే పొడుగ్గా ఉండాలి. ఎవరైనా తీగ పట్టి లాగితే ఫేజు, న్యూట్రల్‌ ముందు ఊడి, ఎర్త్‌ ఆఖరున ఊడాలి. సున్నా వోల్టుల తీగలన్నీ ఒకే చోట కలిసి, అక్కడి నుంచి ఒక్క తీగ డబ్బాకు చేరాలి.

డబ్బాలో ఎర్త్‌ ఉంటే చాలదు, గోడలోనూ ఉండాలి. అద్దె ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి, వెనక తీగలు రెండే. ఎర్త్‌ గొయ్యిలో ఏళ్ల తరబడి చుక్క నీళ్లు పోయని ఇళ్లూ ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించుకోవాలి. పనిలోపనిగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే స్టూడియోకే కాదు, ఇంట్లో గీజరు, వాషింగ్‌ మెషీన్‌ వాడే అందరికీ రక్ష.

టంకం పెట్టే ముందు

పిల్లలు నేర్చుకుంటూ చేస్తామంటే 230 వోల్టుల వైపు అసలు ముట్టనివ్వకూడదు. దానికో దారి ఉంది. బీఐఎస్‌ గుర్తున్న, 18 వోల్టుల ఏసీ ఇచ్చే రెడీమేడ్‌ అడాప్టర్‌ కొనుక్కోవచ్చు. ప్రమాదమంతా సీలు వేసిన ఆ డబ్బాలోనే ఉండిపోతుంది. మిగతా డయోడ్లు, కెపాసిటర్లు, రెగ్యులేటర్లు ఇంట్లో అమర్చుకోవచ్చు. అయితే దాంతో ప్లస్‌ మైనస్‌ రెండూ తీయాలంటే వంతెన కుదరదు, అలలు మళ్లీ సెకనుకు 50కి వస్తాయి. కెపాసిటర్లు రెట్టింపు పెట్టాలి. అంతే నష్టం.

పూర్తిగా చేసేవాళ్లకు అసలు తంటా రెగ్యులేటర్‌ కాళ్ల దగ్గర. 317, 337 పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. కాళ్ల వరుస మాత్రం వేరు. 317లో మధ్య కాలు అవుట్‌పుట్‌, 337లో మధ్య కాలు ఇన్‌పుట్‌. వీపున ఉండే లోహపు పలకకు ఆ మధ్య కాలుతో లోపలే సంబంధం ఉంటుంది. రెంటినీ ఒకే హీట్‌సింక్‌కు నేరుగా బిగిస్తే షార్టే. మధ్యలో అభ్రకం వాషర్‌ ఉండాలి. వలయంలా ఉండే టొరాయిడల్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ కొంటే మోత తక్కువ. కానీ దాని నడిమి బోల్టు ఒక కొన డబ్బా అడుగుకు, ఇంకో కొన మూతకు తగలకూడదు. తగిలిందా, ఆ బోల్టూ డబ్బా కలిసి షార్టయిన చుట్టులా మారి ట్రాన్స్‌ఫార్మర్‌ మాడిపోతుంది.

పవర్‌ సప్లైని ప్రీఆంప్‌తో ఒకే డబ్బాలో ఇరికించకుండా విడిగా పెట్టి మీటరు వైరుతో కలపడం మంచిది. ట్రాన్స్‌ఫార్మర్‌ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ వేగంగా తగ్గుతుంది. ఆ వైరుకు మాత్రం మైకులకు వాడే మూడు పిన్నుల కనెక్టర్‌ పెట్టొద్దు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చీకట్లో తడుముకుంటూ దానికి మైకు తగిలిస్తారు. ఐదు పిన్నులదో, ఏడు పిన్నులదో పెడితే ఆ గొడవే ఉండదు.

తొలిసారి స్విచ్‌ వేసేటప్పుడు పాత రేడియో మెకానిక్‌ల సిరీస్‌ బల్బును మించిన తోడు లేదు. 60 వాట్ల పాతకాలం బల్బును ఫేజు దారిలో వరసగా కలపాలి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, ఫిలమెంటుదే కావాలి. యంత్రానికి ఏమీ కలపకుండా స్విచ్‌ వేస్తే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉందంటే లోపల ఎక్కడో తప్పుంది. ఇల్లు చీకటి కాకుండా, ఫ్యూజు కాలకుండా ఆ విషయం ముందే చెప్పేస్తుంది. అది ఆరాక బల్బు తీసేసి, మీటర్‌తో ప్లస్‌ 15, మైనస్‌ 15, 48 మూడూ కొలవాలి. తర్వాత యంత్రం బదులు రెసిస్టర్లు లోడుగా పెట్టి గంటసేపు వదిలేసి మళ్లీ కొలవాలి. హీట్‌సింక్‌ల వేడి అప్పుడే తెలుస్తుంది. ఇవన్నీ చేసేటప్పుడు ఇంట్లో ఇంకొకరు ఉండాలి. ఒంటరిగా వద్దు.

ప్రీఆంప్‌ కలిపాక పరీక్ష తేలిక. మైకు పెట్టకుండా, ఆ సాకెట్‌లో రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్‌ పెట్టి, గెయిన్‌ పూర్తిగా పెంచి ఒక్క నిమిషం ‘ఏమీలేనితనాన్ని’ రికార్డు చేయాలి. వినిపించాల్సింది సన్నటి వాన చప్పుడులాంటి స్‌స్‌... మాత్రమే. అది ప్రీఆంప్‌ సహజ స్వరం. అందులో ఇంకా తుమ్మెద ఉంటే, టొరాయిడ్‌ బోల్టు కాస్త వదులు చేసి దాన్ని మెల్లగా తిప్పుతూ మళ్లీ మళ్లీ వినాలి. తిప్పే ముందు ప్రతిసారీ ప్లగ్గు గోడలోంచి పీకాలి. ఏదో ఒక కోణం దగ్గర మోత ఠక్కున పడిపోతుంది. అక్కడే బోల్టు బిగించేయాలి.

30 వీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యూజు 250 మిల్లీఆంపియర్ల ‘స్లో బ్లో’ రకం. ఆ అంకెను డబ్బా వెనక చెరగని సిరాతో రాసి, రెండు ఫ్యూజులు మూత లోపలివైపు టేపుతో అంటించి పెట్టుకోవాలి. లేకపోతే ఏ అర్ధరాత్రో ఒకటి కాలినప్పుడు దాని స్థానంలోకి సిగరెట్‌ పెట్టె వెండికాగితం వచ్చి చేరుతుంది!